మబ్బుకు మొదటి ర్యాంకు

ఎవరికి మంచిది?

రిటైరై ఇన్నేళ్ళయినా నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. పెళ్ళి భోజనాల బంతిలో కూర్చున్నా, ఆసుపత్రిలో టోకెను పట్టుకుని కూర్చున్నా, ఎవరో ఒకరు ఫోను నా ముందు పెడతారు. "మేడం, మీరు ఈ లైన్లోనే పనిచేశారట కదా. వీడియో కాల్‌కి ఏది మంచిది?" నేను "ఎవరికి మంచిది?" అని ఎదురడుగుతాను. అడిగినవాళ్ళ ముఖం మాడిపోతుంది. ఒక పేరు చెప్తే సరిపోయేదానికి ఈవిడ వేదాంతం మొదలుపెట్టిందేమిటని వాళ్ళ బాధ.

వేదాంతం కాదు. నేను చేసిన ఉద్యోగం మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది.

ఆ ఉద్యోగానికి ముందు ఇరవై రెండేళ్ళు నేను ప్రభుత్వ టెలిఫోన్ శాఖలో ట్రంకు ఆపరేటరుని. చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని ఈ ఊరి గొంతును ఆ ఊరి గొంతుతో కలపడం నా పని. ఎస్టీడీ బూతులు వచ్చాయి, సెల్‌ఫోన్లు వచ్చాయి, మేం దండగ మనుషులమయ్యాం. స్వచ్ఛందంగా వెళ్ళిపొమ్మని బలవంతం చేస్తే వెళ్ళిపోయాను. తర్వాత అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీలో చేరాను. సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్పి, ఇంటర్వ్యూలు ఇప్పించి, పిల్లల్ని కంపెనీల్లో చేర్పించే దుకాణం అది. ఇంటర్వ్యూలు చాలావరకు ఇంటర్నెట్ మీదే జరిగేవి. పూటకో కొత్త కాలింగ్ సర్వీసు పుట్టుకొస్తున్న రోజులు. ఏది వాడాలో తేల్చి చెప్పడానికి వాళ్ళకొక మనిషి కావలసివచ్చింది. నా చెవుల మీద నమ్మకంతో నన్ను తీసుకున్నారు. కార్డు మీద 'వాయిస్ ఇంజినీర్' అని వేయించారు. ఇంటర్మీడియెట్‌తో చదువు ఆపేసిన మనిషిని, ఆ కార్డు చూసుకున్నప్పుడల్లా ఒళ్ళు పులకరించేది. ఆ పులకరింత నా చేత ఏం చేయించిందో ముందుముందు చెప్తాను.

నక్షత్రాలు లెక్కపెట్టేవాళ్ళు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు మొట్టమొదట చేసే తప్పు, ఇంటర్నెట్‌లో నక్షత్రాలు లెక్కపెట్టడం. ఎవరో మహానుభావుడు ఒక సర్వీసుకు నాలుగున్నర వేస్తాడు, ఇంకొకదానికి మూడు వేస్తాడు. గది తలుపులు మూసుకుని, ఏసీ వేసుకుని, పక్క గదిలో ఉన్న సొంత తమ్ముడికి కాల్ చేసి వేసిన నక్షత్రాలవి. బటన్ల రంగు బాగుందని అర నక్షత్రం ఎక్కువ వేసినవాణ్ణి కూడా నేను చూశాను. ఆ పెద్దమనిషిని అమీర్‌పేటకు వచ్చి కిటికీ తెరిచి ఒక్క కాల్ చేయమనండి. కింద ఆటోల హారన్లు, కరపత్రాలు పంచేవాళ్ళ కేకలు. పై అంతస్తులో ఒకడు మైకు పెట్టి జావా చెప్తుంటే, కింది అంతస్తులో ఇంకొకడు అంతకంటే పెద్ద మైకుతో టెస్టింగ్ చెప్తుంటాడు. ఆ గోలలో గొంతు నిలబెట్టగలిగితే అప్పుడు దాన్ని సర్వీసు అనాలి.

నా పరీక్షలు నావి. మొదటిది ఈ కిటికీ పరీక్షే. రెండోది, రెండు వైపులా ఒకేసారి మాట్లాడి చూడటం. ఒకరు ముగించాక ఇంకొకరు మొదలుపెట్టే మర్యాద మనకు లేదు కదా. కొన్ని సర్వీసులు ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఒకరి గొంతు నొక్కేసేవి. అలాంటివి మనకు పనికిరావని మొదటి రోజే పక్కన పెట్టేదాన్ని.

మూడోది పళ్ళెం పరీక్ష. మా ఆఫీసులో నెట్‌వర్క్ చూసుకునే ఖలీల్ భాయ్ పక్క భవనంలోని మా ఇంకో బ్రాంచిలో కూర్చుని కెమెరా ముందు స్టీలు పళ్ళెం మీద చెంచాతో కొట్టాలి. చెంచా పళ్ళేనికి తగలడం, మోగడం ఒకేసారి తెలియాలి. ముందు మోగి, తర్వాత తగిలితే బొమ్మ వెనకబడినట్టు. ఖలీల్ భాయ్ నలభై దాటినవాడు, మంచి డిగ్రీ ఉన్నవాడు.

"మేడం, గింత చదువు చదివి పళ్ళెం కొట్టుకుంట కూసున్న. మా అమ్మీకి మాత్రం చెప్పకుండ్రి," అనేవాడు.

"నేను సుత ఇంజినీర్నే భాయ్. చెంచా లెక్కపెడుతున్న," అనేదాన్ని.

ఇంత కష్టపడి తేల్చినా, మంచిదాన్ని మంచిదని చెప్తే కొనేవాళ్ళు ఉంటారనుకోకండి. పంజాగుట్టలో పెళ్ళి సంబంధాలు చూసే ఆఫీసాయన ఒకసారి మా సలహా అడిగాడు. అన్నిటికంటే స్పష్టంగా కనిపించే సర్వీసు పేరు చెప్పి పంపాను. మూడో రోజే తిరిగొచ్చాడు. "గిదేంది మేడం, అమ్మాయి మొటిమలు కూడ కనవడుతున్నయ్. పోరని నెత్తి మీద పలచవడ్డ జుట్టు కూడ కనవడుతుంది. గిట్లయితే ఒక్క సంబంధం కుదురుతదా?" కొంచెం మసగ్గా, కొంచెం తెల్లగా చూపించేది ఏదో చెప్పమన్నాడు. నేను కడుపుబ్బ నవ్వాను. తర్వాత కొన్నాళ్ళకే మా ఆఫీసు తన మొటిమలు దాచుకోవలసివచ్చింది.

ప్లేబ్యాక్

మా యజమాని ప్రసాద్ గారు కోస్తా నుంచి వచ్చి అమీర్‌పేటలో స్థిరపడ్డ మనిషి. చెడ్డవాడని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు సుఖంగా ఉంటుంది గానీ, అది నిజం కాదు. ఫీజు కట్టలేని పిల్లల్ని చాలామందిని ఊరికే కూర్చోబెట్టి చదివించాడు. అయితే ఆయనకు ఒక సిద్ధాంతం ఉండేది. ఉద్యోగం వచ్చాక పని ఎలాగూ వస్తుంది, కాబట్టి ముందు ఎలాగోలా ఉద్యోగం రావాలి. ఆ 'ఎలాగోలా'కు మా ఆఫీసులో పెట్టుకున్న ముద్దుపేరు ప్లేబ్యాక్.

ఇంటర్వ్యూ ఇచ్చే కుర్రాడు కెమెరా ముందు టై కట్టుకుని కూర్చుంటాడు. కెమెరాకు అందనంత దూరంలో, బల్లకు అవతలి పక్క, మా ట్రైనర్ కిరణ్ మైకు పట్టుకుని కూర్చుంటాడు. ప్రశ్న వస్తే కిరణ్ జవాబు చెప్తాడు, కుర్రాడు పెదవులు కదుపుతాడు. అమ్మాయిలకు ఇంకో ట్రైనరమ్మ. ఫోను ఇంటర్వ్యూల రోజుల్లో ఇది చిటికెల పందిరి. వీడియో వచ్చేసరికి చిక్కు వచ్చిపడింది.

అప్పుడే నాకు మూడు సర్వీసులు పోల్చి చూసే పని అప్పగించారు. ఖలీల్ భాయ్, నేను వాటికి మా పేర్లు పెట్టుకున్నాం. మనిషిని ఉన్నదున్నట్టు చూపించేది అద్దం. అన్నీ బాగున్నా ప్రతిదానికీ ఆలస్యం చేసేది నత్త. గొంతు గంటలా వినిపించి, బొమ్మ మాత్రం మసకగా, మాట అయిపోయాక తీరిగ్గా వచ్చేది మబ్బు. వారం రోజులు పళ్ళెం కొట్టి, కిటికీ తెరిచి, అరిచి, రిపోర్టు రాశాను. అద్దం మొదటిది, నత్త రెండోది, మబ్బు మూడోది. మబ్బు పక్కన 'వాడరాదు' అని కూడా రాశాను.

ప్రసాద్ గారు రిపోర్టు చదివి నన్ను పిలిచారు.

"ఏంటి మేడం గారూ ఇది? ఈ అద్దంలో పెదాల మీద పగుళ్ళు కూడా కనబడుతున్నాయండి."

"మంచిదంటె గదే కద సార్."

"మీకు మంచిదేనండి. మన కిరణ్ గారి సంగతేంటి? పెదవి ఒక దారి, మాట ఒక దారి పోతే ఎవడైనా పట్టేస్తాడు. అదే ఈ మూడోదనుకోండి, అందరికీ అలాగే వస్తుంది. లైను గోల అనుకుని ఊరుకుంటారు. మీరు ఇంజినీరు గారు, ఆలోచించి రాయండి."

ఇంజినీరు గారు ఆలోచించింది. ఆ మధ్యాహ్నమే జాబితా తలకిందులు చేసింది. 'తక్కువ వేగపు లైను మీద కూడా ధ్వని స్థిరంగా ఉంటుంది, వాడటం తేలిక, మన అవసరాలకు తగినది' అని మబ్బు పక్కన రాశాను. ఒక్క మాట అబద్ధం కాదు. రిపోర్టు మొత్తం అబద్ధం. కంచే చేను మేయడమంటే ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. ఎవరైనా అడిగితే, ఉద్యోగం పోతుందని భయపడ్డానని చెప్పుకోవచ్చు. అది నిజం కాదు, పెన్షను ఉంది, గడిచిపోయేది. ఆ కార్డు మీది పేరు పోతుందని భయపడ్డాను.

ఖలీల్ భాయ్ కొత్త రిపోర్టు చూసి, "క్యా మేడం, పళ్ళెం ఊకెనే కొట్టిచ్చిండ్రు," అన్నాడు. మూడు ఇంటర్వ్యూ గదుల్లోనూ మబ్బు పెట్టించాం.

మంజుల

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మా ఉలిపికట్టె పేరు మంజుల. సిద్దిపేట పక్క పల్లె నుంచి వచ్చి మధురానగర్‌లో హాస్టల్లో ఉండేది. టెస్టింగ్ కోర్సులో మా దగ్గర అంత గట్టి పిల్ల ఇంకొకరు లేరు. కానీ డిగ్రీ పాసై అప్పటికి రెండేళ్ళు కావస్తోంది. రెండేళ్ళు దాటితే కంపెనీలు 'గ్యాప్' అని పేరుపెట్టి గేటు దగ్గరే ఆపేసేవి. ఆ రెండేళ్ళ గడువు నిండటానికి వారమే ఉన్నప్పుడు ఒక విదేశీ కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. ఉద్యోగం హైదరాబాదులోనే, ఇంటర్వ్యూ చేసే ఆయన మాత్రం లండన్‌లో. ఇది తప్పితే ఆ పిల్లకు ఈ రంగంలో తలుపు మూసుకున్నట్టే.

ప్రసాద్ గారు ప్లేబ్యాక్ పెట్టిస్తానన్నారు. మంజుల ఒప్పుకోలేదు.

"నాకు వద్దు సార్. నాకు వచ్చిందే చెప్త. రానిది రాదని చెప్త."

"ఒక్కటే చాన్సమ్మా నీకు. ఆలోచించుకో."

"ఆలోచించిన సార్. రేపు ఆఫీసుల కూసున్నంక నా పక్కకెల్లి ఎవరు చెప్తరు?"

ఇంటర్వ్యూ మధ్యాహ్నం మూడింటికి మొదలైంది. నేను పక్క గదిలో కూర్చుని నా కంప్యూటర్ మీద అదే కాల్ చూస్తున్నాను. అవతలి వాళ్ళకు ఏం కనిపిస్తుందో అదే నాకూ కనిపిస్తుంది. ఆ పిల్ల జవాబులు వింటుంటే కడుపు నిండిపోయింది. ఇంగ్లీషులో తడబాటు ఉన్నా విషయంలో తడబాటు లేదు. కానీ తెర మీద మాట ముందు వెళ్ళిపోతోంది, పెదవి వెనకాల కుంటుకుంటూ వస్తోంది. జవాబు ఎంత బాగుంటే లండన్ ఆయన కనుబొమలు అంత పైకి లేస్తున్నాయి. అమీర్‌పేట పేరు అప్పటికే అంత గొప్పగా పాకింది మరి.

చివరికి ఆయన, "ఒకసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడండి," అన్నాడు. అంతకుముందు ఎవరూ అలా అడగలేదు. మంజుల వెంటనే చెయ్యి పెట్టుకుని, "వినిపిస్తుందా సార్?" అని, చెయ్యి తీసి, "ఇప్పుడు సరిగ్గా వినిపిస్తుందా?" అంది. చెయ్యి అడ్డం ఉన్నప్పటి అణిగిన గొంతు వినిపించినప్పుడు తెర మీద ఆమె నోరు తెరిచే ఉంది. చెయ్యి తీశాక గొంతు గంటలా మోగుతుంటే, తెర మీద చెయ్యి నోటిని మూసే ఉంది. నేను ఏరికోరి పెట్టించిన మబ్బు, నిజం చెప్తున్న పిల్లను నా కళ్ళ ముందే దొంగను చేసేసింది. ఆయన చాలా మర్యాదగా థాంక్స్ చెప్పి కాల్ కట్ చేశాడు.

మంజుల నవ్వుకుంటూ బయటికి వచ్చింది. "మంచిగ చెప్పిన కద మేడం?"

నాకు ఏడుపొచ్చింది. ట్రంకు బోర్డు ముందు చావు కబుర్లు ఎన్ని కలిపానో లెక్కలేదు. ఏ రోజూ నాకు కన్నీళ్ళు రాలేదు.

తలా పిడికెడు

ప్రసాద్ గారి గదిలోకి వెళ్ళి, కంపెనీకి ఉన్న సంగతి చెప్పేద్దామన్నాను. మా లైను అలాంటిది, మేమే కావాలని అలాంటిది పెట్టుకున్నాం, ఈ పిల్ల తప్పేమీ లేదని రాద్దామన్నాను.

"రాస్తే ఏమవుతుందో తెలుసాండి? అదే కంపెనీలో మనవాళ్ళు ఇప్పటికే తొమ్మిదిమంది ఉన్నారు. అందరూ ప్లేబ్యాక్ బ్యాచే. ఒక్క పిల్ల కోసం తొమ్మిది ఇళ్ళ కూడు తీసేద్దామంటారా?"

ఆయనే మళ్ళీ, "అయినా ఈ చెయ్యి అడ్డం పెట్టమనడం కొత్తగా ఉంది. ఇకనుంచి కిరణ్ గారిని కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోమనాలి," అని కాగితం మీద రాసుకున్నారు. ఇల్లు కాలుతుంటే చలి కాచుకునే తెలివి అంటే ఇదే.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు ఎంతో నాకు తెలుసు. తొమ్మిదిమంది సంగతి విని నేను వెనక్కి తగ్గాను, నిజం రాయలేదు. నా పేరుతోనే కంపెనీకి ఉత్తరం పంపాను. ఆ రోజు మా లైనులో లోపం ఉంది, వేరే సర్వీసు మీద ఇంకొక్క అవకాశం ఇవ్వండి అని బతిమాలాను. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం ఇరవై నిమిషాలు ఇస్తామన్నారు. శనివారంతో ఆ పిల్ల రెండేళ్ళ గడువు నిండుతుంది.

ప్రసాద్ గారుండగా మా ఆఫీసులో అద్దం పెట్టడానికి లేదు. ఖలీల్ భాయ్ అన్నాడు, "ఫికర్ నక్కో మేడం. లక్డీకాపూల్‌ల మా ఖాలా కొడుకు ట్రావెల్స్ ఆఫీసు ఉన్నది. ఆడ అద్దమే నడుస్తది. జుమ్మా నమాజ్ అయినంక నేనొచ్చి కలిపిస్త."

మంజులకు విషయం చెప్పక తప్పలేదు. ఆటోలో కూర్చుని, ముందుకు చూస్తూ చెప్పాను. మాట, పెదవి కలవకపోవడం వల్ల నిన్ను ప్లేబ్యాక్ అనుకున్నారని, ఆ సర్వీసును ఎంచింది నేనేనని.

"తెల్వక పెట్టిండ్రా మేడం, తెలిసి పెట్టిండ్రా?"

"తెలిసే."

మాసబ్ ట్యాంక్ మీదుగా ఎందుకు తిప్పుతున్నాడని ఆటో అతన్ని అడిగే ధైర్యం కూడా నాకు లేకపోయింది. చివరికి నేనే అన్నాను. "ఆయన మొన్న గట్ల ఎందుకయిందని అడిగితే, లైను బాగలేకుండె అని చెప్పు."

"నేను చెప్ప. లైనుది తప్పు కాదు కద."

"నిజం చెప్తె నీ కంటె ముందు చేరిన తొమ్మిదిమంది పోతరు మంజులా. వాళ్ళల్ల నీ హాస్టలోళ్ళే ఇద్దరున్నరు."

లక్డీకాపూల్

ట్రావెల్స్ ఆఫీసు వెనక గదిలో, గోడ నిండా విమానాల బొమ్మల మధ్య, ఖలీల్ భాయ్ అన్నీ సిద్ధం చేసి పెట్టాడు. కెమెరా, హెడ్‌సెట్, ఒక గ్లాసు నీళ్ళు, బల్లకు అవతల మేమిద్దరం చూడటానికి, వినడానికి ఇంకో తెర, ఇంకో రెండు హెడ్‌సెట్లు. ముందుగా ఎందుకైనా మంచిదని పళ్ళెం కూడా మోగించి చూశాడు. చెంచా, మోత కలిసే వచ్చాయి. నేను కెమెరాకు అందకుండా బల్లకు అవతలి పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మా ఆఫీసులో కిరణ్ ఎప్పుడూ కూర్చునే చోటు అలాంటిదేనని కూర్చున్నాక తెలిసింది.

లండన్ ఆయన మొదట్లోనే చెయ్యి అడ్డం పెట్టించి చూశాడు. ఈసారి నిజం నిజంలాగే కనిపించింది. పాత ప్రశ్న ఒక్కటీ అడగలేదు, అన్నీ కొత్తవే అడిగాడు. మంజుల చెప్పింది, రెండు రాకపోతే రావని చెప్పింది. ఇరవై నిమిషాలు దాటిపోయినా ఆయన ఆపలేదు. ఆయన ముఖంలో మెచ్చుకోలు నాకు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. కానీ పెన్ను చేతిలో ఆడిస్తున్నాడు, ఏదో తేలనట్టు. చివర్లో ముందుకు వంగి అడిగాడు.

"మీకు ఇంత బాగా తెలుసు. మరి మొన్న మీ ఆఫీసులో ఎందుకలా అయింది?"

మంజుల నా వైపు చూడలేదు. తెర వైపే చూస్తూ కూర్చుంది. ఖలీల్ భాయ్ తల దించుకున్నాడు. ఆ పిల్ల నిజం చెప్పేస్తే బాగుండునని ఒక పక్క, చెప్పకపోతే బాగుండునని ఇంకో పక్క నా గుండె కొట్టుకుంది. రెండోదే గట్టిగా కొట్టుకుందని ఒప్పుకుంటున్నాను.

"లైన్ ప్రాబ్లం, సార్," అంది మంజుల. పెదవీ మాటా ఒక్కసారే కదిలాయి.

ఆయన హాయిగా నవ్వేశాడు. తానూ అదే అనుకున్నానని, ఇలాంటివి మామూలేనని అన్నాడు. పెన్ను కింద పెట్టాడు. ఉద్యోగం ఇస్తున్నామని, సాయంత్రంలోగా లెటర్ వస్తుందని చెప్పి, శుభాకాంక్షలు చెప్పి వెళ్ళిపోయాడు.

ఖలీల్ భాయ్ "ముబారక్ బేటీ" అంటూ లేచాడు. మంజుల హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది. వైరు నెమ్మదిగా చుట్టింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"మేడం, రెండు ఇంటర్వ్యూలల్ల నాది కాని మాట గదొక్కటే," అంది. "దాన్నే ఆయన ఎంబడే నమ్మిండు."